ఆకలి కూత

తెల్ల గూబ ఎలుకను కాళ్ళతో చంపుతుంది. వేళ్ళు బారగా చాపి పైనుంచి పడుతుంది. గోళ్ళు పక్కటెముకల సందుల్లోంచి దిగి గుండె దగ్గర కలుసుకుంటాయి. ఆ తర్వాత మెడ వెనక ఒక కొరుకు. పెసరకాయ చిట్లినట్టు చిన్న చప్పుడు. దాని రెక్కకు చప్పుడు లేదు. ఈక అంచున దువ్వెన పళ్ళలాంటి కుచ్చు ఉండి గాలిని చీల్చి వదిలేస్తుంది. చచ్చే ఎలుకకు తన చావు వినపడదు. గూబకు మాత్రం ఎలుక వినపడుతుంది. దాని చెవులు రెండూ ఒక ఎత్తున ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. మొహం చాటలా ఉండి చప్పుళ్ళను చెరిగి ఆ చెవుల్లో పోస్తుంది. గడ్డి కింద ఎలుక వడ్లగింజ ఒలిచే చప్పుడు చాలు, చిమ్మచీకట్లో కూడా గురి తప్పదు.

పరిశోధనా కేంద్రం డాక్టర్ ప్రమీలారాణి గారు ఇవన్నీ నాకు చెప్పారు గానీ, సగం నాకు ముందే తెలుసు. మేము యానాదులం. పెన్నా కాలవల కింద పొలాల్లో ఎలుకలు పట్టడం మా తాతల నాటి పని. కలుగు నోట్లో పొగకుండ పెట్టి ఊదుతాం, రెండో నోటి దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటాం. తల్లెలుక మొండికేస్తే పిల్ల కూత కూస్తాం. కళ్ళు తెరవని ఎర్రపిల్ల ఆకలికి ఎట్లా కీచుమంటుందో అట్లా. తల్లి పొగలోంచి కూడా వచ్చేస్తుంది. వచ్చినదాన్ని నెత్తిన కొడతాం. ఈ విద్యకు ఒక కట్టుబాటుంది. ఆకలి కూత కూయొచ్చు, భయం కూత కూయొచ్చు. కడుపు నిండిన కూత మాత్రం వేటగాడి నోట రాకూడదు. వస్తే కలుగులన్నీ ఒట్టిపోతాయని మా నాయన చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. దాన్ని నేను ఎప్పుడూ ప్రశ్నించలేదు.

కేంద్రం వాళ్ళు మా పొలాల్లో స్తంభాల మీద ఇరవై రెండు కొయ్య పెట్టెలు పెట్టి గూబల జంటల్ని దించారు. పెట్టెలు శుభ్రం చెయ్యడానికీ, గూబలు కక్కిన ఉండలు ఏరడానికీ నన్ను పెట్టుకున్నారు. గూబ నమలదు, మింగుతుంది. అరగని బొచ్చునూ ఎముకల్నీ ఉండగట్టి కక్కేస్తుంది. ఆ ఉండను నీళ్ళలో విప్పి, లోపలి తలకాయల్ని బట్టి అది ఏమేం చంపిందో చెప్పాలి.

ఒకరోజు డాక్టరమ్మ స్తంభం కింద నిలబడి విసుక్కుంది. “పిల్లల కడుపు నిండగానే తండ్రి పక్షి కూర్చుని ఈకలు దువ్వుకుంటోంది చెంచయ్యా. కింద చేనంతా ఎలుకలే.”

“కడుపు నిండితే ఎవురైనా అంతే గదా మేడమ్.”

“నిండకూడదు,” అంది ఆవిడ. “ఎప్పటికీ నిండని పిల్ల ఒకటి కావాలి నాకు.”

అప్పటికే ఆవిడ పిల్లల కూత రికార్డు చేసి వినిపించి చూసింది. గూబలు మూడు రోజుల్లో కనిపెట్టేశాయి. నాకు నవ్వొచ్చింది. గూబపిల్ల కూత కీచు కాదు, గురక. ముసలాయన వెల్లకిలా పడుకుని పెట్టే గురకలాగా, ఎండు తాటాకును తాటాకుతో రాసినట్టుంటుంది. పైగా గూట్లో పిల్లలు తల్లి కోసం కూయవు, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నాకెక్కువ ఆకలి అంటే, కాదు నాకే ఎక్కువ అంటాయి. అందరికంటే ఆకలిగా ఉన్నదేదో తేలిపోగానే మిగతావి నోరు మూసుకుంటాయి. వచ్చిన మొదటి ఎలుక దానికే. రికార్డులో ఈ బేరం లేదు.

నేను గొంతు సవరించుకుని, గూట్లో పెద్దపిల్ల కూసిన కూతకంటే ఒక మెట్టు పైన కూశాను. పిల్లలు టక్కున ఆగిపోయాయి. తండ్రి గూబ పెట్టె మీదినుంచి వంగి, తల వీపు దాకా తిప్పి నన్ను చూసింది. దాని కళ్ళు గుంటల్లో కదలవు, తలే తిరగాలి. చూసి ఎగిరిపోయింది. అయిదు నిమిషాలకు నా కాళ్ళ దగ్గర ఎలుక పడింది. ఇంకా తన్నుకుంటోంది.

డాక్టరమ్మ ఆ ఎలుకను చేత్తో ఎత్తి చాలాసేపు పట్టుకుంది.

నెల రోజులు నన్ను బయటి చప్పుడు రాకుండా గోడలకు దూది పరిచిన గదిలో కూర్చోబెట్టి కూయించారు. ఆ తర్వాత కంప్యూటర్ నా గొంతు నేర్చుకుని, నేను కూయనివి కూడా కూయసాగింది. ఒక్కో గూట్లో ఒక్కోటి బిగించడానికి అగ్గిపెట్టెల కట్టంత డబ్బా చేశారు. దానికి చెవి ఉంది, నా గొంతు ఉంది, ముందు ఒక తట్ట ఉంది. గూట్లో ఏ పిల్ల ఎంత ఆకలిగా కూసినా అది విని, అంతకంటే ఒక మెట్టు పైన కూస్తుంది. తట్టలో ఎలుక పడితే తట్ట ఒరిగి కింద బుంగలోకి జారవిడిచి, ఇంకో మెట్టు పైకి పోతుంది.

బిగించే ముందు డాక్టరమ్మ అడిగింది. “నిండినప్పటి కూత కూడా ఇవ్వు చెంచయ్యా. పది పడ్డాక కాసేపు అది వినిపిద్దాం. లేకపోతే పక్షులు అలిసిపోతాయి.”

“నిండితే కూయవు మేడమ్. నిద్రపోతాయి.”

“నిజమేనా?”

“నా మాట నమ్మకపోతే ఎట్టా?”

ఆవిడ నమ్మింది. తన యంత్రాలకంటే నా చెవిని ఎక్కువ నమ్మింది. నిజానికి నిండిన పిల్ల కూడా కూస్తుంది. గొంతులో వేడినీళ్ళు మరిగినట్టు సన్నగా, తెగకుండా కూస్తుంది. నేను చెప్పలేదు.

మొదటి వారం బుంగలు పొర్లాయి. ఎలుకలు, పందికొక్కు పిల్లలు, మెడ విరిగినవి, పొట్ట చీలినవి. కొన్ని బుంగలో కూడా పాకుతుండేవి. నేను వాటిని పారతో చంపి గుంటలో పోసేవాణ్ణి. నెల తిరిగేసరికి చేలో కొరికిన దుబ్బు ఒక్కటీ లేదు. రైతులు డాక్టరమ్మకు శాలువా కప్పారు.

మా వాడలో ఎవరూ కప్పలేదు. కలుగు తవ్వితే మాకు కూర దొరికేది, ఎలుక దాచిన వడ్లు దొరికేవి. ఇప్పుడు తవ్వితే మట్టి. నా బావమరిది పెంచలయ్య గునపం తెచ్చి మా గుమ్మం ముందు పడేశాడు.

“ఏంది బావా, నీ పిల్లలు బాగా తింటుండాయా? మా పిల్లలకి కూడా రెండు మెతుకులు పెట్టమని కూస్తావా?”

“పోరా, పోయి పని జూసుకో.”

“పనా? పని నువ్వు మింగేస్తివి గదా. గూబకి నాయనవి నువ్వు. నీకు ముక్కొకటే తక్కువ.”

నా భార్య పోలమ్మ లోపలినుంచి తమ్ముణ్ణి తిట్టలేదు. “వాడు చెప్పేదాంట్లో తప్పేముంది,” అంది. అంతే, ఆ పూట నాకు అన్నం తనుగా పెట్టలేదు.

మా కూతురు మస్తానమ్మ కాన్పుకొచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ పుట్టుక. ఊపిరి తీస్తే రొమ్ము లోపలికి పోయేది, గురకలాగా పిల్లికూతలు వచ్చేవి. ఊళ్ళో నర్సమ్మ చూసి, ఊపిరితిత్తులు గట్టిపడాలి, పొగ తగలనీయొద్దు అని చెప్పింది. నేను ఇంట్లో బీడీ మానేశాను. పాప నా చేతిలో పడుకుంటే నా అరచెయ్యి సరిపోయేది. దానికోసమే ఆ ఉద్యోగం పట్టుకుని వేలాడానని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే ఎవరు వింటారు.

తర్వాత ఉండలు మారాయి. విప్పితే ఎలుక తలకాయలు తగ్గి కప్పలు, పిచ్చుకలు, ఉడతలు, బాతుపిల్లలు తేలాయి. గూబలు పగలు కూడా తిరగసాగాయి. రాత్రి వేట వాటికి చాలడం లేదు. తెచ్చిందంతా తట్టలో పడేసి అవి తినకుండా పోతున్నాయి. రొమ్ము ఎముక కత్తిలా పైకి తేలింది.

ఏడో నంబరు స్తంభం ఎక్కి తలుపు తీశాను. పిల్లలు నాలుగు వరసగా కూర్చుని ఉన్నాయి, పెద్దది మొదలు చిన్నది దాకా. నాలుగూ డబ్బా వైపు తిరిగి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. డబ్బా కూస్తూనే ఉంది. తమకంటే ఆకలిగా ఉన్నది ఒకటుందని అవి నోరు మూసుకుని దారిచ్చాయి. ఇచ్చి ఇచ్చి చచ్చాయి. నేను చూస్తుండగానే తల్లి ఉడతను తెచ్చి, పిల్లల మీదినుంచి అడుగేసి తట్టలో పెట్టింది. మర్నాడు తట్ట కింద బుంగలో ఆ నాలుగు పిల్లలూ ఉన్నాయి, తలలు తెగి.

ఆ బుంగను మోసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద బోర్లించాను. ఆవిడ ఒక పిల్లను తిప్పి చూసింది.

“ఆపేద్దాం,” అంది. “ఇవాళే అన్నీ ఆపేద్దాం.”

“ఆపితే ఊరుకుంటాయా మేడమ్?”

“రెండు రోజులు వెతుకుతాయి. తర్వాత మర్చిపోతాయి.”

బుధవారం సాయంత్రం ఇరవై రెండు డబ్బాలూ ఆపేశాం.

గురువారం పొద్దున గూబలు ఊరి మీదికి వచ్చాయి. నలభై పైన ఉంటాయి. పట్టపగలు, తెల్లగా, చప్పుడు లేకుండా, కప్పుల మీద తిరిగాయి. జనం చావు పిట్టలని రాళ్ళు రువ్వారు. రాయి తగిలిన గూబ వెనక్కి పోలేదు, రువ్వినవాడి మొహం మీదికి వచ్చింది. మిల్లు దగ్గర రమణయ్య కన్ను పోయింది. రెక్క చప్పుడుంటే చెయ్యైనా అడ్డం పెట్టేవాడు. కన్ను చెంప మీద జారి ఉంటే, దాన్ని అరచేత్తో పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. ఆ గూబను నలుగురు కలిసి రోకళ్ళతో పచ్చడి చేశారు.

శుక్రవారం మధ్యాహ్నం, చింతలదొరువు కట్ట మీది కోటిరెడ్డి తాత భోంచేసి నులకమంచం మీద కునుకు తీశాడు. ఆయన గురక వీధి చివరికి వినపడేది. కోడలు మజ్జిగ తెచ్చేసరికి గురక లేదు. రెండు గూబలు రొమ్ము మీద కూర్చుని ఉన్నాయి. ముసలాయన నోరు బార్లా తెరుచుకుని ఉంది. నోట్లోంచి ఎలుక తోక వేలాడుతోంది. దాని కింద ఇంకో ఎలుక, దాని కింద కప్ప, గొంతు దాకా కూరి ఉన్నాయి. పెదాలు చీరుకుపోయి ఉన్నాయి.

గంటలో ఊరంతా గొడ్డళ్ళతో పొలాల మీద పడ్డారు. స్తంభాలు నరికారు, డబ్బాలు పగలగొట్టి కుప్పపోసి నిప్పంటించారు. డాక్టరమ్మ జీపును పల్టీ కొట్టించారు. నేను పోయేసరికి ఆవిడ అద్దం పగిలిన కిటికీలోంచి సగం బయటికి వచ్చి ఉంది. తల పగిలి రక్తం కళ్ళలోకి కారుతోంది. ఎవరో ఆవిడ చెయ్యి తొక్కుతున్నారు. నేను అడ్డం పడితే నా వీపు మీద కట్టె విరిగింది.

“ఒక్క డబ్బా అయినా మిగిల్చు చెంచయ్యా,” అంది ఆవిడ. “వాటికి కూత దొరక్కపోతే ఎక్కడ గురక వినిపిస్తే అక్కడికి పోతాయి.”

కుప్ప అప్పటికే మండుతోంది. ఎక్కడ గురక వినిపిస్తే అక్కడికి. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఆవిణ్ణి అక్కడే వదిలేసి పరిగెత్తాను.

వాడ మొదట్లోకి రాగానే మస్తానమ్మ కేక వినపడింది. మా గుడిసె కప్పు మీద గూబలు ఆకు పీకుతున్నాయి. లోపల మూడు ఉన్నాయి. పోలమ్మ చాటతో కొడుతోంది, ముంజేతుల మీద చర్మం పీలికలుగా వేలాడుతోంది. మస్తానమ్మ పాప మీద బోర్లా పడుకుని ఉంది, దాని వీపు రవిక చిరిగి మాంసం కనపడుతోంది. ఒక గూబ కూతురి చంక కింద తల దూర్చి ఉంది. దాన్ని కాళ్ళు పట్టి లాగి నేలకేసి కొట్టాను. దాని ముక్కున ఎర్రగా తడి.

“నాయనా, పాప నోట్లో ఏందో పెట్టింది నాయనా. ఊపిరాడ్డంలా.”

పాప మొహం నీలంగా ఉంది. వేలు పెట్టి గొంతులోంచి లాగాను. ఉడత తొడ. బొచ్చుతో సహా. రెండోసారి వేలు పెడితే ఇంకో ముక్క. కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు మీద చరిచాను. కక్కింది. ఊపిరి తీసింది. గురగురమని, గరగరమని, ముందుకంటే గట్టిగా.

ఆ చప్పుడుకు కప్పు మీద గూబలన్నీ ఒక్కసారి ఆగి వంగాయి.

అప్పుడు నేను నిండిన కూత కూశాను. జన్మలో మొదటిసారి. అది కూత కాలేదు, దగ్గులాగా వచ్చింది. ఎన్నడూ కూయనిది గొంతుకెట్లా తెలుస్తుంది. మళ్ళీ కూశాను. ఒక గూబ అయినా తల తిప్పలేదు. కప్పులోంచి ఒకటి లోపలికి దిగింది, గోళ్ళలో కోడిపిల్లతో.

పెంచలయ్య గునపం పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. “బావా, ఆటో ఉండాది. పాపని చుట్టి ఇయ్యి. నెల్లూరు పోదాం.”

“ఆటోని వదలవు. దారిపొడుగునా వస్తాయి.”

“మరెట్టా?”

“నువ్వు బో. అవి నా కాడికొస్తాయి.”

వాడు నా మొహం చూశాడు. ఈసారి వెక్కిరించలేదు. “సావొద్దు బావా,” అన్నాడు.

నేను పెరటి కంపలోంచి కోతకోసిన చేల మీదికి పరిగెత్తి, మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని కూశాను. పాపది నిజమైన ఊపిరి. దానికంటే ఆకలిగా కూయాలి. గొంతు లోపల ఏదో చిరిగింది, ఉప్పగా తగిలింది. ఇంకో మెట్టు. కప్పు మీది తెల్లదనం ఒక్కసారి లేచి, విసిరిన వలలా నా వైపు వచ్చింది. వెనక ఆటో స్టార్టయిన చప్పుడు వినపడింది. అది దూరమై పోయేదాకా ఊపిరి తీసుకోకుండా కూశాను.

మొదటిది నా ముందు దిగింది. ముక్కున చిట్టెలుక. నడిచి దగ్గరికొచ్చింది. నాకు తెలియని సంగతి అప్పుడు చూశాను. గూబకు దగ్గరిది కనపడదు. అందుకని తినిపించేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. ముక్కు చుట్టూ ఉన్న మీసాల ఈకలతో పిల్ల నోరెక్కడుందో తడుముకుంటుంది. అది కళ్ళు మూసుకుని తల వంచి, ఆ మెత్తటి ఈకలతో నా పెదాలు వెతికింది. నేను దాని మెడ పట్టుకుని తిప్పాను. తిరిగే మెడ కదా, చాలా దూరం తిరిగింది. ఆ తర్వాత విరిగింది.

రెండోది, మూడోది. కర్రతో కొడితే మిగతావి బెదురుతాయేమోనని చేతులతోనే చంపాను. కొన్ని నా గదమ చీల్చాయి. ఒకటి నాలుక మీద గోరు దించింది. తెచ్చిన మాంసం నోట్లో పెడుతుంటే ఉమ్మేసి, పెట్టినదాన్ని చంపి, మళ్ళీ కూశాను. ఒకటి ఇంకో గూబను తెచ్చింది, సగం తిన్నదాన్ని. బహుశా దాని జతే. దాన్ని ముక్కలు చేసి చిన్న ముక్క నా పెదాలకు అందించింది. దాన్ని చంపేటప్పుడు నేను ఏడుస్తున్నానో కూస్తున్నానో నాకే తెలియలేదు. పైకి రెండూ ఒక తీరుగానే ఉన్నాయి.

పొద్దు వాలేసరికి నా చుట్టూ తెల్లగా కుప్ప. ముప్పై ఎనిమిది.

పెంచలయ్య ఆసుపత్రినుంచి ఫోను చేశాడు. “పాప బతికింది బావా. అక్కకీ మస్తానమ్మకీ కట్లు కట్టారు. ఆక్సిజన్ పెట్టారు. మూడు రోజులుంచుకుని పంపిస్తారంట. గురక మాత్రం నెలా రెండు నెలలు ఉంటాదని చెప్పారు.” నేను ఏదో అనబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. “వినపడతుండాదా బావా? డాక్టరమ్మని గూడా ఈడికే తెచ్చారు. తెలివి రాలేదు.”

ఫోను జేబులో పెట్టుకుని చూస్తే, గట్టు మీద ఒకటి కూర్చుని ఉంది. ఆడ గూబ, బక్కది. కాళ్ళ కింద ఎలుక. ఎంతసేపటినుంచి ఉందో, అంతా అక్కడినుంచే చూసింది. నేను చేతులు కదిపితే వెనక్కి రెండడుగులు వేసింది. ఎగిరిపోలేదు. తల ఒక పక్కకు వంచి, కుప్పను చూసి, నన్ను చూసింది.

పోనిస్తే పోతుంది. పాప మూడు రోజుల్లో ఇంటికొస్తుంది, నెల రోజులు గురక పెడుతుంది.

గొంతులో ఏం మిగిలిందో అదంతా పోగుచేసి కూశాను. రక్తంతో కలిసి, నిజంగానే చచ్చిపోతున్న పిల్ల కూతలా వచ్చింది.

గూబ ఎలుకను ముక్కున పట్టుకుంది. కుప్ప చుట్టూ తిరిగి, చచ్చిన వాటిని తొక్కకుండా సందులు వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చింది. కాసేపు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని తల వంచింది.